ఒక్కసారిగా ఒక కంటి చూపు తగ్గితే: కంటి నరానికి రక్తం అందని జబ్బు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ నుంచి, డెల్టాలోని మిగతా ఊళ్ళ నుంచి కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్ళూ, వాళ్ళను వెంటబెట్టుకొచ్చే పిల్లలూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వైద్యం ఎలాగూ డాక్టరుగారి చేతిలోనే ఉంటుంది. ఎంత తొందరగా బయలుదేరాలో, వెళ్ళాక ఏం చెప్పాలో, ఏం అడగాలో ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పొద్దున్న లేచేసరికి నాన్నగారికి ఎడమ కంట్లో కింది సగం నల్లగా ఉందట. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఏమై ఉంటుందండీ?

యాభై దాటిన మనిషి, అందులోనూ షుగరో బీపీయో ఉన్న మనిషి ఇలా చెబితే ముందుగా అనుమానించేది కంటి నరానికి రక్తం చాలకపోవడాన్ని. ఆసుపత్రి చీటీ మీద దీన్ని ‘ఇస్కీమిక్ ఆప్టిక్ న్యూరోపతీ’ అని రాస్తారు. ఇందులో ఎక్కువమందికి వచ్చే రకాన్ని పొట్టిగా ‘ఎన్‌ఏఐఓఎన్’ అంటారు. మామూలుగా ఒక్క కంటికే వస్తుంది. రాత్రి బాగానే పడుకుంటారు, తెల్లారి మొహం కడుక్కుంటుంటేనో పేపరు పట్టుకుంటేనో తేడా తెలుస్తుంది. ఎక్కువమందికి పోయేది చూపులో కింది సగమే. కొందరికి పై సగం, కొందరికి మధ్య భాగం మసకబారుతుంది. రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. మొదటి ఒకటి రెండు వారాల్లో చూపు ఇంకొంచెం తగ్గడం కూడా ఉంది.

రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపు మంచి కన్ను పని నడిపించేస్తుంది కాబట్టి చాలామంది వెంటనే గమనించరు. మంచి కంట్లో నలక పడి నలుపుకున్నప్పుడు రెండోది కనిపించడం లేదని తెలుస్తుంది. అందుకే అరవై దాటినవాళ్ళు అప్పుడప్పుడు ఒక్కో కన్ను మూసి గోడమీద క్యాలెండరు చూడటం మంచి అలవాటు. దీనికి పైసా ఖర్చు లేదు.

శుక్లం ముదిరిందేమో? అద్దాలు మారిస్తే సరిపోతుందేమో?

శుక్లం రాత్రికి రాత్రి ముదరదు. చత్వారం ఒక్క కంటికి ఒక్క పూటలో రాదు. ముందు అద్దాల షాపుకెళితే ఆ రోజు వృథా అయినట్టే.

అసలు కంటి నరానికి రక్తం ఎందుకు తగ్గుతుంది?

కన్ను చూసినదాన్ని మెదడుకు చేరవేసే నరంలో పది పన్నెండు లక్షల సన్నని తంతువులుంటాయి. అవన్నీ కంటి వెనక ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పున్న రంధ్రంలోంచి బయటికి వెళ్ళాలి. ఆ చోట నరానికి రక్తం ఇచ్చేవి వెంట్రుకల్లాంటి చిన్న ధమనులు. మెడలోని కెరోటిడ్ ధమని నుంచి కంటి ధమని, దాన్నుంచి మళ్ళీ చీలి ఇవి వస్తాయి. మన డెల్టా రైతుకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర కాలువ మట్టం కాస్త తగ్గితే మొదట ఎండేవి శివారు పొలాలు. కంటి నరం మొదలు కూడా ఇలాంటి శివారులోనే ఉంది. ఒంట్లో బీపీ బాగా పడిపోయినా, షుగరు, కొలెస్ట్రాల్ వల్ల ఆ చిన్న ధమనులు గట్టిపడినా ముందు దెబ్బ తగిలేది దానికే.

ఇంకో కారణం పుట్టుకతో వచ్చేది. కొందరికి ఆ రంధ్రం ఇరుకు, లోపల తంతువులు కిక్కిరిసి ఉంటాయి. రక్తం చాలక నరం వాస్తే ఆ వాపుకి చోటు ఉండదు. దాంతో పక్కనున్న తంతువులూ, రక్తనాళాలూ నొక్కుకుపోయి ఇంకా రక్తం తగ్గుతుంది. షుగరు బాగా అదుపులో ఉన్నవాళ్ళకు కూడా ఇది వస్తున్నదంటే ఎక్కువసార్లు ఈ ఇరుకే కారణం. అందుకే “అన్నం మానేసి చపాతీలు తింటున్నాను కదా, నాకెందుకు వచ్చింది” అని బాధపడేవాళ్ళను తప్పుపట్టడానికేమీ లేదు.

ఎక్కువ రక్తం పోవడం, రక్తం బాగా తక్కువగా ఉండటం, డయాలసిస్ సమయంలో బీపీ పడిపోవడం కూడా దీన్ని తెస్తాయి. ఈ రకం జబ్బులో ధమని పూర్తిగా మూసుకుపోయి ఉండక్కర్లేదు, ప్రవాహం చాలకపోయినా చాలు.

ఈరోజు శనివారం. సోమవారం వెళ్ళొచ్చా?

వద్దు. ఈరోజే వెళ్ళండి.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. వచ్చింది ఎన్‌ఏఐఓఎన్ అయితే గంట ముందు వెళ్ళినంత మాత్రాన పోయిన చూపు తిరిగి రాదు. కానీ అది ఎన్‌ఏఐఓఎనో కాదో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. పైకి ఇలాగే కనిపించే జబ్బుల్లో కొన్నిటి సంగతి గంటల్లోనే తేలిపోతుంది. కంటి లోపలి పొరకు వెళ్ళే ముఖ్య ధమనిలో గడ్డ అడ్డుపడితే చూపు తెర పడినట్టు పూర్తిగా పోతుంది. నాలుగైదు గంటల్లోనే ఆ పొర శాశ్వతంగా దెబ్బతింటుంది, పైగా పక్షవాతం రాబోతున్నదనడానికి అది గుర్తు కూడా. ఆ లోపలి పొరే (రెటీనా) ఊడితే మెరుపులు, నల్ల చుక్కలు కనిపించి పక్కనుంచి నీడ కమ్ముకొస్తుంది, దానికి తొందరగా ఆపరేషన్ చేస్తే చూపు దక్కుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు కంటి లోపల రక్తం చిమ్మినా ఇలాగే ఉంటుంది. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులతో చూపు తగ్గితే నీటికాసులు. కన్ను తిప్పితే నొప్పి ఉండి, వయసు తక్కువైతే నరానికి వాపు రకం వేరు, వైద్యం వేరు. కల్తీ సారా తాగిన మర్నాడు రెండు కళ్ళూ మసకబారితే అది విషం, నేరుగా పెద్దాసుపత్రికే.

మాట తడబడటం, మూతి వంకర పోవడం, చెయ్యీ కాలూ లాగడం వీటిలో ఏదైనా చూపుతో పాటు వస్తే కంటి డాక్టరు దగ్గరికి కాకుండా 108కి ఫోన్ చేయండి.

చూపు పది నిమిషాలు పోయి మళ్ళీ వచ్చేసింది. ఇంకెందుకు వెళ్ళడం?

వెళ్ళాల్సింది సరిగ్గా అప్పుడే. మెడ ధమనిలోంచి చిన్న గడ్డ కదిలి వెళ్ళినా, పెద్ద వయసువాళ్ళలో తల ధమనులు వాచినా ముందు ఇలాగే హెచ్చరిక వస్తుంది. చూపు ఉండగా వచ్చిన మనిషికి చేయగలిగింది చాలా ఉంటుంది.

అమలాపురం, నరసాపురం వైపు నుంచి ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి పరీక్షకు మీ దగ్గరి పట్టణంలో ఉన్న ఏ కంటి డాక్టరైనా చాలు. కనుపాప పెద్దది చేసి కంటి వెనక భాగం చూడగలిగితే అసలు సంగతి తేలుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర, మందుల షాపు దగ్గర ఆగొద్దు. అమలాపురం, ముమ్మిడివరం వాళ్ళు యానాం మీదుగా కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి చేరొచ్చు. రావులపాలెం, కొత్తపేట వాళ్ళకు రాజమహేంద్రవరం దగ్గర. నరసాపురం, పాలకొల్లు, భీమవరం వాళ్ళు ఏలూరు లేదా విజయవాడ వైపు వెళతారు. కంటి నరాల స్పెషలిస్టు కావాలని మీ డాక్టరు రాసిస్తే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి శాఖలు విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచీలో వేసుకెళ్ళండి. “తెల్ల బిళ్ళ, పొద్దున్న ఒకటి” అంటే డాక్టరుకేం అర్థమవుతుంది?

నాన్నమ్మకి డెబ్భై రెండేళ్ళు. నెలరోజులుగా కణతల దగ్గర నొప్పి, దువ్వెన తగిలితే నెత్తి మంట. ఇప్పుడు కన్ను మసక అంటోంది. సంబంధం ఉందా?

ఉండొచ్చు. ఈ పేజీలో అన్నిటికన్నా తొందరపడాల్సిన ప్రశ్న ఇదే. కంటి నరానికి రక్తం తగ్గడంలో రెండో రకం ఉంది. అందులో కణతల దగ్గరి ధమనులూ, కంటికి వెళ్ళే ధమనులూ వాచిపోయి మూసుకుపోతాయి. దాన్ని జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అంటారు. యాభై దాటినవాళ్ళకే వస్తుంది, డెబ్భైల్లో ఎక్కువ. మన దేశంలో అరుదే. అరుదు కాబట్టే “వయసు మీదపడింది, తలనొప్పి మామూలే” అని ఇంట్లోవాళ్ళు వదిలేస్తారు.

అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అన్నం నములుతుంటే దవడలు లాగి మధ్యలో ఆపుతోందా? మెతుకులు మెత్తగా చేసి పెట్టమంటోందా? పళ్ళ నొప్పి అనుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి తిప్పిన కుటుంబాలు ఉన్నాయి. పొద్దున్న భుజాలు పట్టేసి చెయ్యి ఎత్తలేకపోతోందా? సన్నని జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం ఉన్నాయా? వీటిలో ఒకటి రెండు ఉన్నా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ప్లేట్‌లెట్లు అనే రక్తపరీక్షలు చేస్తారు. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం చూడకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు. చూపు అప్పటికే తగ్గి ఉంటే రోజుకో గ్రాము చొప్పున మూడు రోజులో, ఐదు రోజులో సెలైన్‌లో ఎక్కిస్తారు. తర్వాత మాత్రలు నెలల తరబడి, మెల్లగా తగ్గించుకుంటూ. కణత దగ్గర చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ మందు మొదలుపెట్టాక రెండు వారాల లోపు చేసినా పనికొస్తుంది, కాబట్టి దానికోసం మందు ఆపరు. ఇంత హడావుడి రెండో కన్ను కోసం. వైద్యం అందకపోతే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో అదీ పోవచ్చు. స్టెరాయిడ్ అంటే భయం ఉండటం సహజమే. షుగరు పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఆ రెండిటికీ మందులున్నాయి.

డాక్టరుగారు ఏం పరీక్షలు చేస్తారు?

ముందు ఒక్కో కంటితో అక్షరాలు చదివిస్తారు. టార్చిలైటు ఒక కంట్లోంచి ఇంకో కంట్లోకి మార్చి కనుపాప ఎలా ముడుచుకుంటుందో చూస్తారు. నరం దెబ్బతిన్న కన్ను వెలుతురుకి బద్ధకంగా స్పందిస్తుంది. అర నిమిషం పట్టే పని, కానీ జబ్బు నరంలో ఉందో లేదో దీనితోనే సగం తేలుతుంది. తర్వాత చుక్కల మందు వేసి కంటి వెనక నరం వాచిందా, దాని చుట్టూ రక్తపు చారలున్నాయా అని చూస్తారు. ఆ చుక్కలకు నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ చూడలేరు. బండి మీద ఒక్కరే రావొద్దు.

చూపు ఏ మేర పోయిందో ఫీల్డ్ టెస్టులో బొమ్మ గీసినట్టు వస్తుంది. బీపీ, షుగరు, మూడు నెలల షుగరు సగటు, కొలెస్ట్రాల్, రక్తం శాతం ఎలాగూ చూస్తారు. వయసు తక్కువైనా, లక్షణాలు తేడాగా ఉన్నా ఎంఆర్‌ఐ అడుగుతారు. అందరికీ ఎంఆర్‌ఐ అక్కర్లేదు.

దీనికి మందు ఉందా? ఎంతైనా ఖర్చుపెడతాం.

ఎన్‌ఏఐఓఎన్‌లో పోయిన చూపును తిరిగి తెస్తుందని రుజువైన మందు ఈ రోజు వరకూ లేదు. ఈ మాట వినగానే ఇంకో ఊరు, ఇంకో డాక్టరు అని తిరగడం మొదలవుతుంది. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

ఒకప్పుడు నరం చుట్టూ ఉన్న తొడుగును కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేసేవారు. అమెరికాలో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించి 1995లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ చేసినవాళ్ళలో ఆరు నెలలకు 24 శాతం మందికి చూపు ఇంకా తగ్గింది. ఏమీ చేయకుండా వదిలేసినవాళ్ళలో తగ్గింది 12 శాతం మందికే. దాంతో ఆ ఆపరేషన్ మూలన పడింది. అదే పరిశీలనలో ఇంకో సంగతి బయటపడింది. ఏ వైద్యమూ చేయనివాళ్ళలో 43 శాతం మంది ఆరు నెలల్లో అక్షరాల చార్టులో మూడు వరుసలో, అంతకన్నా ఎక్కువో అదనంగా చదవగలిగారు. అంటే కొంత చూపు దానంతటదే తేరుకునే అవకాశం ఉంది. ఆ సమయంలో ఎవరు ఏ మందు వేసినా పేరు దానికే వస్తుంది. “ఫలానా చోట ఇంజెక్షన్ వేయించుకుంటే మా బావగారికి వచ్చేసింది” అనే మాటల వెనక ఉన్నది చాలావరకు ఇదే.

స్టెరాయిడ్ మాత్రలు కొందరు డాక్టర్లు మొదటి రోజుల్లో ఇస్తారు, కొందరు ఇవ్వరు. వాళ్ళలో వాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్ళకు నష్టం ఎక్కువ కాబట్టి అడిగి తెలుసుకోండి. కంట్లో వేసే ఇంజెక్షన్లు ఈ జబ్బుకి పనిచేస్తాయని తేలలేదు. నా మాట అడిగితే, పొలం తాకట్టు పెట్టి దీనికి ‘ప్యాకేజీ వైద్యం’ చేయించొద్దు. ఆ డబ్బుతో షుగరు, బీపీ, గురక సంగతి చూసుకుంటే రెండో కంటికి ఉపయోగం.

ఆరు నుంచి పన్నెండు వారాల్లో నరం వాపు తగ్గి పాలిపోతుంది. ఆరు నెలలు దాటాక చూపు పెద్దగా మారదు.

రాత్రి వేసుకునే బీపీ మాత్ర వల్ల వచ్చిందంటున్నారు. ఆపేయమంటారా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఆపితే బీపీ పెరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం కంటి ప్రమాదం కన్నా పెద్దది.

మాటలో నిజం లేకపోలేదు. నిద్రలో అందరికీ బీపీ కొంత తగ్గుతుంది. పడుకోబోయే ముందు గట్టి మోతాదు మాత్ర వేసుకుంటే కొందరికి తెల్లవారుజామున మరీ పడిపోతుంది. ఈ సంగతిని 1990లలో గట్టిగా ముందుకు తెచ్చినవారు సోహన్ సింగ్ హేరే. పంజాబ్‌లో పుట్టి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కంటి నరపు రక్తప్రసరణ మీద జీవితమంతా పనిచేసిన డాక్టరాయన. అందరూ ఆయన వాదాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, జబ్బు ఎక్కువగా నిద్ర లేచాకే బయటపడటాన్ని చూస్తే కొట్టిపారేయలేం.

అందుకని బీపీ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికెళ్ళి, “కంటి నరం దెబ్బతింది, రాత్రి మాత్రను పొద్దుటికి మార్చవచ్చా” అని సూటిగా అడగండి. అవసరమైతే 24 గంటలూ బీపీ నమోదు చేసే పట్టీ కట్టి చూస్తారు. ప్రోస్టేటుకిచ్చే కొన్ని మాత్రలు కూడా బీపీ తగ్గిస్తాయి, వాటిని చెప్పడం మరిచిపోతారు.

గురకకీ కంటికీ ఏం సంబంధం?

ఉత్త గురక వేరు. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు గాలి పీల్చుకోవడం వేరు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఈ కంటి జబ్బు వచ్చినవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పక్కన పడుకునే అమ్మగారిని అడిగితే డాక్టరు కన్నా బాగా చెబుతారు. పగలు కుర్చీలో కూర్చుంటే కునుకు పట్టేస్తుంటే నిద్ర పరీక్ష చేయించండి.

వయాగ్రా వాడితే వస్తుందా? బరువు తగ్గే ఇంజెక్షన్‌తో కూడా అంటున్నారు?

వయాగ్రా లాంటి మాత్రలు వాడినవాళ్ళలో ఈ జబ్బు వచ్చిన సందర్భాలున్నాయి, హెచ్చరిక పెట్టె లోపలి కాగితంలోనే ఉంటుంది. ఒక కంటికి వచ్చినవాళ్ళు ఇక వాటి జోలికి పోకపోవడం మంచిది. సిగ్గుపడి డాక్టరుకు చెప్పనివాళ్ళే ఎక్కువ. కొడుకుని బయటికి పంపి అయినా చెప్పండి.

షుగరుకీ బరువుకీ ఇచ్చే సెమాగ్లూటైడ్ విషయంలో యూరప్ మందుల సంస్థ 2025 జూన్‌లో ఎన్‌ఏఐఓఎన్‌ను చాలా అరుదైన దుష్ఫలితంగా గుర్తించింది. పదివేల మందిలో ఒకరి దాకా రావొచ్చని అంచనా. వాడుతుండగా చూపు ఒక్కసారిగా తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. గుండె లయ తప్పినప్పుడు (అరిథ్మియాకి) ఇచ్చే అమియోడరోన్ కూడా నరం వాపు తెస్తుంది, అది గుండె డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సింది.

రెండో కంటికి కూడా వస్తుందా?

ఐదేళ్ళలో వందకి పదిహేను మందికి వచ్చిందని పైన చెప్పిన అమెరికా పరిశీలనే చెబుతోంది. అంటే ఎనభై అయిదు మందికి రాలేదు. షుగరు సరిగ్గా లేనివాళ్ళకు ప్రమాదం ఎక్కువ. అదే కంటికి మళ్ళీ రావడం అరుదు. ఆస్పిరిన్ వేస్తే రెండో కన్ను దక్కుతుందని రుజువు లేదు, గుండెకోసం మీ డాక్టరు ఇస్తే వేసుకోండి. పొగ మానేయండి, చుట్ట కూడా లెక్కే. ఎండుచేపలు, ఊరగాయలు మన కంచంలో ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు అక్కడ చెయ్యి ఆపుకోవాలి.

రెండో కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే, మొదటి కన్ను ఎలా పోయిందో ఆపరేషన్ చేసే డాక్టరుకు ముందే చెప్పండి.

పసరు పోయించమంటున్నారు. చనుబాలు వేయొచ్చా?

వద్దు. జబ్బు ఉన్నది కంటి వెనక, పసరు పడేది కంటి ముందు. నల్లగుడ్డు మీద పుండు పడితే ఉన్న చూపూ పోతుంది.

రాత్రుళ్ళు చెరువు దగ్గర ఫోన్ చూస్తుంటాను. దాని వల్లేనా?

రొయ్యల చెరువు దగ్గర కాపలా, ఫోన్ వెలుతురు ఈ జబ్బు తేవు. నిద్ర లేకపోవడం బీపీకి మంచిది కాదు, అది వేరే సంగతి.

ఎవరైనా చనిపోతే వాళ్ళ కన్ను పెట్టొచ్చు కదా?

నేత్రదానంలో వచ్చిన కంటి నుంచి వాడేది ముందుండే కార్నియాను. అది దెబ్బతిన్నవాళ్ళకే ఉపయోగం. మెదడు దాకా వెళ్ళే నరాన్ని అతికించే విద్య ఇంకా రాలేదు. 2023లో న్యూయార్క్‌లో ఒక మనిషికి మొత్తం కన్నే అమర్చారు. ఆ కంటికి రక్తం ఆడింది, చూపు మాత్రం రాలేదు.

ఒక కంట్లో కింది సగం లేకుండా రోజులు గడపడం ఎలా?

మొదటి రెండు మూడు నెలలు కష్టం. దూరం అంచనా తప్పుతుంది, గ్లాసులో నీళ్ళు పోస్తే బయట పడతాయి. రెండో కన్ను బాగుంటే మెదడు మెల్లగా అలవాటు పడుతుంది. రెండు కళ్ళకూ కింది సగం పోయినవాళ్ళ ఇబ్బంది చాలా పెద్దది, పాదాల దగ్గరున్నది కనిపించదు. మన ఊళ్ళలో అదే ప్రమాదం. కాలువ గట్టు అంచు, పొలం గట్టు మీద గండి, స్నానాల రేవు మెట్లు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే బల్ల, అన్నీ కిందే ఉంటాయి. తల వంచి చూసి అడుగు వేయడం అలవాటు చేసుకోవాలి, చేతికర్ర ఉంటే మరీ మంచిది. ఇంటి మెట్ల అంచులకు తెల్ల రంగు గీత వేయించండి. కొబ్బరి చెట్లెక్కే పని చేసేవాళ్ళు ఇక ఆపేయక తప్పదు. బండి, ట్రాక్టరు నడపడం ఫీల్డ్ టెస్టు చూశాక డాక్టరు చెప్పేదాకా వద్దు.

చదవడానికి ఇబ్బందైతే లో విజన్ విభాగంలో భూతద్దాలు, మాట్లాడే ఫోన్ యాప్‌లు నేర్పుతారు. పెద్దవాళ్ళు కొందరు గుడికీ, అరుగు మీదికీ రావడం మానేసి మంచం పడతారు. దిగులు ఎక్కువైతే దానికీ డాక్టరు ఉన్నారు.

సదరం సర్టిఫికెట్ వస్తుందా?

ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగా ఉంటే ఇప్పటి లెక్క ప్రకారం 30 శాతం వైకల్యం కింద వస్తుంది. పథకాలకు అడిగేది 40 శాతం, కాబట్టి ఎక్కువమందికి అందదు. రెండో కంట్లో కూడా చూపు తక్కువైనా, చూపు మేర కుంచించుకుపోయినా శాతం మారుతుంది. జబ్బు వచ్చిన వెంటనే కాకుండా, వాపు తగ్గి చూపు ఒక స్థితికి వచ్చాక ఫీల్డ్ టెస్టు కాగితాలతో సదరం శిబిరానికి వెళ్ళండి. ఆ కాగితాల మీద తేదీ, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోండి.